ఆ ఒక్క సంతకం

సంతకాలు పెట్టడంలో నాకు చెప్పుకోదగ్గ అనుభవమే ఉంది. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, బ్యాంకు కాగితాలు, కొరియర్ కుర్రాడు చాపిన ఫోను అద్దం మీద వేలితో గీసే పిచ్చిగీతలు, ఎప్పుడైనా ఏ సభలోనో ఒకావిడ నా నవల చేతికిస్తే “శుభాకాంక్షలతో” కింద ఓ వంకర గీత... అన్నీ కలిపితే వేలల్లోనే ఉంటాయి. వాటిల్లో ఒక్కటైనా పూర్తిగా చదివి పెట్టిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని, ఒక వేసవిలో ఒకే ఒక్క కాగితం ముందు పదకొండు రోజులు కూర్చున్నానంటే నమ్ముతారా?

ఆ కాగితం తెచ్చింది మా అమ్మాయి. ఇంటర్ పరీక్షలు రాసేసి, హైదరాబాదు హాస్టల్లో పెట్టె సర్దుకుని సిద్దిపేట వచ్చిన మూడోనాడు, నేను తొక్కు కోసం మామిడికాయ ముక్కలు తుడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. తనే ఓ గుడ్డ తీసుకుని ముక్కలు తుడవడం మొదలుపెట్టింది. పిల్లలు అంత బుద్ధిగా పనిలోకి దిగారంటే ఏదో ఉందని ఏ తల్లికైనా తెలుస్తుంది కదూ.

“అమ్మా, ఒక్క సంతకం గావాలె.”

“దేనికే?”

“సదివి పెట్టు. సదువకుండ మాత్రం పెట్టకు.”

చదివాను. చేతిలో మామిడి ముక్క అలాగే ఉండిపోయింది.

మా అమ్మాయికి మోటారుసైకిలు పందేల్లో దిగడానికి లైసెన్సు కావాలి. రోడ్డు మీద బండి నడపడానికి ఆర్టీఏ వాళ్ళిచ్చే లైసెన్సు కాదది. మన దేశంలో మోటారు పందేలకి పెద్దదిక్కు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థ. చెన్నైలో ఉంటుంది. దాని లైసెన్సు లేనిదే పోటీలో గీత దగ్గర నిలబడనివ్వరట. కొత్తగా వచ్చేవాళ్ళు ముందు శిక్షణ తీసుకోవాలి. ఒంట్లో ఏ లోపమూ లేదని డాక్టరు కాగితం ఇవ్వాలి. రక్తం ఏ గ్రూపో రాయాలి. ఇక పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళయితే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. ఈ ఆట ప్రమాదమని తెలిసే పంపిస్తున్నాం, ఏదైనా జరిగితే మీ పూచీ లేదు అని మనం రాసివ్వడమన్నమాట.

మా అమ్మాయికి పద్ధెనిమిది నిండడానికి అప్పటికి నాలుగు నెలలుంది.

ఈ పిచ్చి ఎక్కణ్ణించి పట్టుకుందని మీరడగవచ్చు. మా మరిది పుణ్యం. కోతలయ్యాక ఖాళీగా ఉన్న పొలంలో తన బండి ఇచ్చి నేర్పాడు. పైగా 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల పోటీ జరిగితే తీసుకెళ్ళి చూపించాడు. మరుసటేడు జరగాల్సిన పోటీ రద్దయిపోయింది గాని, మా ఇంట్లో రగిలిన నిప్పు మాత్రం ఆరలేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో సభ తీరింది. మావారు మొదటి నిమిషంలోనే చేతులెత్తేశారు. “నువ్వు పెడితే నేనూ పెడ్త. నువ్వొద్దంటే నేనూ వద్దంట” అన్నారు. భార్య మాటకి ఇంత విలువిచ్చే భర్త దొరకడం అదృష్టమే అనుకోండి. కానీ నిర్ణయం నా ఒళ్ళో పడేసి పేపరు చదువుకోవడమే అందులోని అసలు సంగతని పాతికేళ్ళు కాపురం చేసిన వాళ్ళెవరికైనా తెలుసు.

మా అత్తమ్మ మాత్రం సూటిగానే చెప్పింది. “ఆడపిల్లకు బండేంది, పందెమేంది? కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవడు చేసుకుంటడు?”

నవ్వేసి ఊరుకోవలసిన మాట కాదది. మన ఇళ్ళలో భయం తరచూ ఈ వేషంలోనే వస్తుంది. అది మన పల్లెటూరి ముసలమ్మలకే పరిమితం కూడా కాదు. ఇంగ్లండు దగ్గర ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో 1907 నుంచి మోటారుసైకిలు పందేలు జరుగుతున్నాయి. మామూలు ఊరి రోడ్ల మీద, ఒక చుట్టుకి అరవై కిలోమీటర్లు. ఇన్నేళ్ళలో అక్కడ రెండు వందల యాభై మందికి పైగా పోయారు. 1962లో బెరిల్ స్వెయిన్ అనే ఆవిడ అక్కడ 50 సీసీ పోటీలో ఒంటరిగా బండి నడిపి చివరిదాకా వెళ్ళింది. దాని తరవాత ఏం చేశారనుకున్నారు? కనీసం ఇంత బరువుండాలని ఒక నియమం పెట్టి ఆవిడ లైసెన్సు తీసేశారు. అన్ని వందల మంది మగవాళ్ళ ప్రాణాలు పోయినా పందెం ఆగలేదు. ప్రాణాలతో తిరిగొచ్చిన ఆడమనిషిని మాత్రం ఆపేశారు!

ఇది చదివాక నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. అడిగింది కొడుకైతే నేనింత ఆలోచించేదాన్నా? భయం ఇంతే ఉండేది. ఆ మాట నిజం. కాకపోతే ఆ భయానికి వంత పాడడానికి ఇంతమంది వచ్చేవాళ్ళు కాదు. కాబట్టి అత్తమ్మ మాట పక్కన పెట్టాను. పెళ్ళి సంగతి కాదు, ప్రాణం సంగతి చూడాలి.

ప్రాణం సంగతికొస్తే మా అమ్మాయి లెక్కలతో తయారుగా ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అంటే రోజుకి నాలుగు వందల అరవై. వాళ్ళలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. “మన రాజీవ్ రహదారి మీద ఎదురుంగ లారీ వస్తది, రాంగ్ రూట్ల ఆటో వస్తది, బర్రె వస్తది. ట్రాక్ మీద అందరం ఒక్కదిక్కే పోతం. హెల్మెట్టు వాళ్ళు చూసినంకనే పంపుతరు. డాక్టర్, అంబులెన్స్ అక్కడ్నే ఉంటయి. ఏది నయం చెప్పు?” అంది.

మాట బాగానే ఉంది గాని లెక్క అలా కాదు. రోడ్డు మీద కోట్ల మంది తిరుగుతారు, పందేల్లో పరుగెత్తేవాళ్ళు కొద్దిమంది. ఆ సంఖ్యనీ ఈ సంఖ్యనీ పక్కపక్కన పెట్టి ఇదే నయమంటే ఒప్పుకోవడానికి నేను మరీ అంత అమాయకురాల్ని కాను. చెన్నైకి దగ్గర, శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న పందేల దారి మీదే 2023 జనవరిలో యాభై తొమ్మిదేళ్ళ అనుభవజ్ఞుడు కారు పోటీలో పోయాడు. అదే ఏడు ఆగస్టులో పదమూడేళ్ళ పిల్లవాడు మోటారుసైకిలు పోటీలో పడి ప్రాణాలు విడిచాడు. ఆ రోజు పేపర్లో ఆ పిల్లవాడి నవ్వు ముఖం చూసి నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది.

ఆ మాట మా అమ్మాయితో అన్నాను. అది వాదించలేదు. “తెలుసమ్మా. అందుకే సదివి పెట్టుమన్న” అంది.

ఇక్కడే నాకు అభిమన్యుడు గుర్తొచ్చాడు. మనం ఆ కథ చెప్పుకునేటప్పుడు పసివాడి వీరత్వం చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాం. నేను ఆ రాత్రి ఆలోచించింది ధర్మరాజు గురించి. పద్మవ్యూహంలోకి వెళ్ళమని అన్నది ఆయనే. పిల్లవాడు దాచకుండా చెప్పాడు, లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలీదని. పరవాలేదు, మేమంతా నీ వెనకే వస్తాం అన్నారు పెద్దలు. వాళ్ళది అబద్ధం కాదు, నిజంగానే వద్దామనుకున్నారు. సైంధవుడు అడ్డుపడి రానివ్వలేదు. యుద్ధం తరవాత సంగతి ఎలా ఉన్నా, ఆ సాయంత్రం సుభద్ర ముఖం ఎలా చూడాలో ధర్మరాజుకి తెలియలేదు.

అనుమతి ఇచ్చే పెద్దలందరి పరిస్థితీ ఇదే కాబోలు. “వెళ్ళిరా” అన్నప్పుడల్లా, పైకి అన్నా అనకపోయినా, “వెనక నేనున్నాను” అనే మాట అందులో ఉంటుంది. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకోగలమో మన చేతిలో లేదు. వ్యూహం ద్వారం దగ్గరే మనం ఆగిపోతాం.

అలాగని పంపకుండా ఉండడం ధర్మమా?

డిగ్రీలో నాకు ఫిలాసఫీ ఒక సబ్జెక్టు. అప్పట్లో నిద్రపోతూ విన్న పాఠాలు ఇప్పుడు అవసరానికొచ్చాయి. జాన్ స్టూవర్ట్ మిల్ అని ఒకాయన 1859లో స్వేచ్ఛ గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక వంతెన సంగతుంటుంది. కూలిపోయేట్టున్న వంతెన మీదికి ఒక మనిషి తెలియక పోతున్నాడు. హెచ్చరించే వ్యవధి లేకపోతే పట్టుకుని వెనక్కి లాగినా తప్పులేదు. ఎందుకంటే నీళ్ళలో పడాలని అతని కోరిక కాదు గదా. కానీ ప్రమాదమేమిటో అన్నీ తెలిసి, అయినా దాటుతానంటే మాత్రం చెప్పి చూడాలే గాని చెయ్యి పట్టుకుని ఆపరాదంటాడు. బాగుంది. అయితే ఈ మాట పెద్దవాళ్ళకే గాని పిల్లలకి వర్తించదని కూడా ఆయనే రాశాడు. ఇంకేం, నన్ను నాలుగు నెలల గట్టు మీద కూర్చోబెట్టి మిల్లుగారు తన దారిన తను వెళ్ళిపోయారు.

నిజానికి ఆ నాలుగు నెలలే నాకు పెద్ద ఆశ. ఏమీ చెప్పకుండా రోజులు దొర్లిస్తే సరి. పద్ధెనిమిది నిండుతుంది, నా సంతకం అక్కర్లేదు, పెట్టిన పాపమూ నాది కాదు, ఆపిన పాపమూ నాది కాదు! మా అమ్మాయి ఇది కూడా పసిగట్టింది. “ఆగుమంటే ఆగుత అమ్మా. నాల్గు నెలలు పెద్ద లెక్క గాదు. కాని నువ్వు అద్దంటున్నవా, భయమైతుందంటున్నవా, అది చెప్పు” అంది.

దానికి జవాబు చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

2009లో, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. పండక్కి మా ఇంటికొచ్చాడు. సకినాలు చేస్తూ నువ్వులు తక్కువైతే, కొట్టు మూసేస్తాడేమో, పోయి పట్టుకురారా అన్నాను. హెల్మెట్ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. వాడు దాని వైపు చెయ్యి చాపాడు కూడా. “రెండు నిమిషాల పనికి అదెందుకురా” అన్నది నేనే. మూల తిరుగుతుంటే పక్క సందులోంచి వచ్చిన వ్యాను తగిలింది. వేగం ఎక్కువేం లేదన్నారు చూసినవాళ్ళు. తల రాయికి కొట్టుకుంది.

ఆ రోజు నా ముందు ఎవరూ కాగితం పెట్టలేదు. ప్రమాదమని తెలిసే పంపుతున్నాను అని రాసిమ్మని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే, కొక్కేనికున్నది తీసి వాడి నెత్తిన పెట్టేదాన్ని కదా అని పదహారేళ్ళుగా అనుకుంటున్నాను.

ఇంతకంటె సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. అంత జరిగాక కూడా నేను మారానా అంటే, లేదు. సెలవులకొచ్చినప్పుడల్లా మా అమ్మాయికి స్కూటీ తాళంచెవి ఇచ్చి పాలకీ, కూరకీ పంపిస్తూనే ఉన్నాను. దానికి లైసెన్సు లేదు. గేరున్నా లేకపోయినా ఆ బండికి పద్ధెనిమిది నిండాలి. పిల్లలు బండి నడిపి చట్టం తప్పితే తల్లిదండ్రులకి మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా అని 2019లో చట్టం సవరించారు. ఆ వార్త చదివి, బాగా చేశారని మెచ్చుకుని, పేపరు మడిచి, “కోమటి చెరువు దాక పోయి మల్లెపూలు పట్టుకురావే” అన్న తల్లిని నేను.

చూశారూ, మనం ఇచ్చే అనుమతుల్లో సంతకం లేనివే ఎక్కువ. అవి కంటికి అనుమతుల్లా కనపడవు. పని చెప్పినట్టుంటాయి. కంటికి కనపడే ఒక్క కాగితం ముందు మాత్రం పెద్ద న్యాయమూర్తుల్లా కూర్చుంటాం.

అయితే ఒక మాట. అక్కడ తప్పు చేశాను గనక ఇక్కడ సంతకం పెట్టేయాలని కాదు. ఒక తప్పుకి ఇంకొకటి ప్రాయశ్చిత్తం కాదు. పశ్చాత్తాపంతో ఇచ్చే అనుమతి కూడా గుడ్డిదే. అందుకే పదో రోజున దాన్ని కూర్చోబెట్టి అడిగాను. “పందెం సంగతి వదిలెయ్. అక్కడ ముందు ఏం నేర్పుతరు?”

దాని ముఖం వెలిగిపోయింది. బ్రేకు ఎక్కడ వేయాలో నేర్పుతారట. పడితే బండిని వదిలేయాలట, పట్టుకుని వేలాడకూడదట. మలుపులో మన చూపు ఎటుంటే బండి అటే పోతుందట. గోడకి భయపడి గోడనే చూస్తే గోడకే పోతావట! తరవాత జెండాలు. పసుపు ఊపితే ముందు ప్రమాదముంది, ఎవర్నీ దాటకు. ఎరుపైతే పందెం ఆపేశారు. నలుపు జెండాతో నీ నంబరు చూపిస్తే నువ్వు బయటికి రావాల్సిందే, వాదన లేదు. నీలం జెండా అయితే...

“నీలమైతే?”

“ఎన్కనుంచి నీకంటె జోరుగ వస్తున్నరు, అడ్డం రాకుంటే చాలు అని.”

చెప్పేసి అది తన ధోరణిలో తను ఉంది గాని, నేను మాత్రం ఆ జెండా దగ్గరే ఆగిపోయాను. నలభై ఏడేళ్ళ తల్లికి నీలం జెండా ఊపి చూపించేవాళ్ళుండరు. మనంతట మనమే చూసుకోవాలి.

అభిమన్యుడికీ దీనికీ తేడా కూడా అప్పుడే తెలిసింది. ఇది ముందుగా నేర్చుకుంటానంటున్నది బయటికి రావడం. పైగా పందెంలో ఓడిపోవచ్చు, మధ్యలో మానేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. యుద్ధానికి పంపే పెద్దలకి ఆ వెసులుబాటు లేదు. పదమూడేళ్ళ పసివాడి కోరికకీ పద్ధెనిమిది నిండబోయే పిల్ల కోరికకీ మధ్య గీత సరిగ్గా ఎక్కడ గీయాలో నాకు తెలీదు. మా అమ్మాయి ఆ గీతకి ఏ వైపు ఉందో మాత్రం ఆ పది రోజుల్లో నాకు తెలిసింది. నన్ను తొందరపెట్టకపోవడమే నాకు దొరికిన సాక్ష్యం.

పదకొండో రోజు పొద్దున కాగితం మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఒకచోట “అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి” అని ఒక గడి ఉంది. అందులో మా అమ్మాయి అప్పటికే నా పేరు, నా ఫోను నంబరు రాసేసింది. నాన్నది కాదు, బాబాయిది కాదు. నాది. కాసేపు ఆ గడినే చూస్తూ కూర్చున్నాను. నేను సంతకం పెట్టినా, పెట్టకపోయినా, మరి నాలుగు నెలలకి అదే పెట్టుకున్నా, ఆ గడిలో నా పేరు మారదు. కన్ననాడే రాసేసిన పేరది. ఫోను ఎలాగూ నాకే వస్తుంది. అలాంటప్పుడు తెలిసి, చూసి, కళ్ళు తెరుచుకుని ఉండడమే నయం కదా అనిపించింది.

సంతకం పెట్టాను. మావారూ నా కింద పెట్టారు. అదే పూట స్కూటీ తాళంచెవి తీసి బీరువాలో వేసి, ఆర్టీఏ లైసెన్సు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాను. “ట్రాక్ మీద ఓకే గాని పాలకు వద్దా?” అని అది విరగబడి నవ్వింది. నవ్వితే నవ్వనీయండి. ఆ ఇంటి పనుల్లోనే నేను ఒకణ్ణి పోగొట్టుకున్నాను. మావారు హెల్మెట్ లేకుండా గుమ్మం దాటితే ఇప్పుడు అత్తమ్మే కేకేస్తోంది.

రెండు రోజుల శిక్షణకి నేనే తోడు వెళ్ళాను. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారి చెన్నై. మూడు కిలోమీటర్ల ఏడు వందల మీటర్ల దారి, పన్నెండు మలుపులు. కంచె ఇవతల గొడుగేసుకుని కూర్చుని, ఒక్కో చుట్టు తిరిగి దాని హెల్మెట్ కనపడేదాకా ఊపిరి బిగబట్టడమే నా పని. రెండో రోజు మధ్యాహ్నం ఒక చుట్టులో కనపడలేదు. నేను లేచి నిలబడ్డాను. రెండు నిమిషాలకి బండి తోసుకుంటూ నడిచొచ్చింది. మోచేతి దగ్గర తోలు కోటు గీసుకుపోయింది, అంతే. “ఇడిసిపెట్టిన అమ్మా, చెప్పిందే చేసిన” అంది గర్వంగా. నేను మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఇంకేం అనలేదు. అనడానికి గొంతు లేచిరాలేదు.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ అడిగింది, “గెలిచినవా?” అని.

“అది నేర్చుకునుడు నానమ్మా. గెలుసుడు, ఓడుడు ఉండదు.”

“ఆడపిల్లలింకెవరన్న ఉన్నరా ఆడ?”

“నల్గురున్నరు.”

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. “అయితే మంచిదే. ఒక్కదానివే అనుకున్న” అంది.

లైసెన్సు వచ్చింది. మొదటి పోటీ ఇంకా రాలేదు. ఈలోగా నా ధైర్యం చూసి పక్కింటి వదిన వాళ్ళబ్బాయి కాగితమేదో పట్టుకొచ్చి, “నువ్వయితే పెడతవా, చెప్పు” అని అడుగుతోంది. నేనేం చెప్పను? చదివి పెట్టు వదినా, చదవకుండా మాత్రం పెట్టకు, అన్నాను.